డైల్ టోన్ మంచిగనే ఉంది, నెట్ ఎందుకు రాదు? నారాయణఖేడ్ నుంచి డయల్-అప్ చరిత్ర

పోయిన ఎపిసోడ్‌లో పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌ల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి అదే బూత్‌లో ఒక మూలకు వచ్చి కూర్చున్న కంప్యూటర్ గురించి, దాని పక్కన ఎర్ర లైట్లు మిణుకుమిణుకుమనే మోడెమ్ గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. మీలో చాలామందికి రోజుకు 1.5 జీబీ డేటా వస్తుంది, సాయంత్రానికే అయిపోతుంది. అదే 1.5 జీబీని 33.6 కేబీపీఎస్ మోడెమ్ మీద దించాలంటే ఎంతసేపు పడుతుంది? ఒక్కసారి కూడా కట్ కాకుండా, రాత్రీ పగలూ నడిస్తే దాదాపు 99 గంటలు. సోమవారం పొద్దున 8 గంటలకు మొదలుపెడితే శుక్రవారం 11 గంటలకు పూర్తవుతుంది. అంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజ్‌లోనే ఉంటుంది.

"పాత టెక్నాలజీ కదా, అందుకే స్లో" అని మీరు అనుకోవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో కథ తేలదు. ఒకే ఊళ్ళో, ఒకే కంపెనీ మోడెమ్‌తో, ఒక ఇంట్లో 44 కేబీపీఎస్ వచ్చేది, ఇంకో ఇంట్లో 19 దాటేది కాదు. ఇంకా విచిత్రం చెప్పనా? అదే మోడెమ్‌ను తెచ్చి ఇవాళ్టి కొత్త ఫోన్ లైన్‌కు తగిలిస్తే పాత రాగి తీగ మీద వచ్చిన స్పీడు కూడా రాదు. లైన్ కొత్తదైతే నెట్ ఎందుకు నెమ్మదించాలి? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న మీదే.

నేను మాట్లాడేది నారాయణఖేడ్ వైపు నుంచి. మేమంతా ఖేడ్ అనే అంటాం. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైన. బీదర్ మాకు ఇంకా దగ్గర. బజార్లో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. అప్పట్లో మెదక్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి సంగారెడ్డి జిల్లా. చుట్టూ తండాలు. చెరుకు నరకడానికి, కూలి పనులకు ఇళ్ళు విడిచి వలస పోయే జనం. అందుకే మా దగ్గర ఫోన్ అంటే షోకు కాదు, ఎక్కడో ఉన్న మనిషి బతికున్నాడని తెలుసుకునే దారి.

ఇప్పుడు ఫోన్ లైన్ ఎవరి కోసం కట్టారో చూద్దాం. మనిషి గొంతు కోసం కట్టారు. మాట అర్థమైతే చాలు, పాట కచేరీలాగా వినిపించక్కర్లేదు అని ఇంజనీర్లు లెక్క వేసుకున్నారు. సుమారు 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని పంపి, మిగతాది వదిలేశారు. అందుకే ల్యాండ్‌లైన్‌లో 'స', 'ఫ' కలిసిపోయినట్టు వినిపించేవి. పేరు చెప్పాలంటే ఒక్కో అక్షరం విడదీసి చెప్పాల్సి వచ్చేది.

డిజిటల్ ఎక్స్‌చేంజ్‌లు వచ్చాక ఈ గొంతును అంకెలుగా మార్చడం మొదలైంది. సెకనుకు 8,000 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు. గుణిస్తే 64,000. అంటే ఒక ఫోన్ కాల్‌కు 64 కేబీపీఎస్ దారి. మోడెమ్ ఎన్ని వేషాలు వేసినా ఈ దారి దాటి పోలేదు.

మరి మోడెమ్ చేసే పనేంటి? కంప్యూటర్ అంకెలను శబ్దంగా మార్చి, ఫోన్ లైన్‌ను "ఇది మనిషి మాటే" అని నమ్మించడం. అటువైపు మోడెమ్ ఆ శబ్దాన్ని మళ్ళీ అంకెలుగా మారుస్తుంది. యూట్యూబ్‌లో ఆ కనెక్షన్ శబ్దం మీరు వినే ఉంటారు. మొదట నంబర్ నొక్కిన టోన్లు, తర్వాత ఒక పొడుగాటి కూత, ఆ తర్వాత కరకర, చివరికి వాన పడ్డట్టు హోరు. చాలామందికి అది గోల. నిజానికి అది సంభాషణ. ఆ పొడుగాటి కూత 2,100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. "ఇక్కడ మాట్లాడేది మనిషి కాదు, మీ ఎకో తీసేసే యంత్రాలు పక్కకు జరగండి" అని నెట్‌వర్క్‌కు చెప్పే మాట అది. ఆ తర్వాత రెండు మోడెమ్‌లూ రకరకాల శబ్దాలు పంపుకుని, లైన్ ఎక్కడ శుభ్రంగా ఉంది, ఎక్కడ గరగర ఉంది అని పరీక్షించుకుంటాయి. పరీక్ష అయ్యాక "ఈ లైన్ మీద ఇంతే స్పీడు" అని ఒప్పందానికి వస్తాయి. అంటే ఆ అర నిమిషం గోలలో మీ ఫోన్ లైన్ ఆరోగ్యం మొత్తం బయటపడేది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. ఇచ్చింది విదేశ్ సంచార్ నిగమ్, మనం వీఎస్ఎన్ఎల్ అంటాం. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులతో మొదలైంది. హైదరాబాద్ ఆ మొదటి జాబితాలో లేదు. డయల్-అప్ స్పీడు 9.6 కేబీపీఎస్. ఒక 200 కేబీ వాట్సాప్ ఫోటో ఆ స్పీడులో రావాలంటే దాదాపు మూడు నిమిషాలు.

స్పీడు సంగతి అలా ఉంచండి, దూరం చూడండి. డయల్-అప్ అంటే ఒక నంబర్‌కు ఫోన్ చేయడం. ఆ నంబర్ మీ ఊళ్ళో లేకపోతే అది ఎస్టీడీ కాల్. ఖేడ్ కోడ్ 08456. సంగారెడ్డి 08455. హైదరాబాద్ 040. జిల్లా కేంద్రానికి కూడా కోడ్ వేరు. నెట్ చందా ఒకటి, దాని మీద ఫోన్ బిల్లు ఇంకొకటి. హైదరాబాద్ కుర్రాడికి లోకల్ కాల్ అయిన నెట్, మాలాంటి ఊళ్ళకు దూరాన్ని బట్టి రేటు పెరిగే సరుకు. అందుకే ఎస్టీడీ రేటు తగ్గే దాకా ఆగి, రాత్రి పొద్దుపోయాక బూత్‌కు వచ్చేవాళ్ళు.

1998 నవంబర్‌లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. మొదటి ప్రైవేటు సర్వీసుగా వచ్చిన సత్యం ఇన్ఫోవే, మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు పిల్ల కంపెనీ. అదే నెలలో హైదరాబాద్‌లో హైటెక్ సిటీ ప్రారంభమైంది. 2000 అక్టోబర్ 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. దాని సంచార్‌నెట్‌కు 172తో మొదలయ్యే నంబర్ కొడితే లోకల్ కాల్ రేటుకే నెట్ దొరకడం మొదలైంది. అలా దూరం ఖర్చు తగ్గింది. అప్పుడే మాలాంటి ఊళ్ళలో ఎస్టీడీ బూత్ మూలకు ఒక కంప్యూటర్ వచ్చింది.

ఆ రోజుల్లో నేను ఖేడ్‌లో ఒక బూత్‌లో కూర్చునేవాణ్ణి. మోడెమ్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 56 అని ఉండేది. తెర మీద మాత్రం 26,400 అని వచ్చేది. వానాకాలంలో 19,200. ఒకరోజు ఒక పెద్దాయన కొడుకు పరీక్ష ఫలితం చూపించమని వచ్చాడు. సగం పేజీ వచ్చింది, లైన్ తెగింది. మళ్ళీ కలిపాం, మళ్ళీ తెగింది. నాలుగోసారికి నంబర్ కనిపించింది. పాసయ్యాడు. కానీ మీటర్ మీద నాలుగు కాల్స్ పడ్డాయి. ఆయన అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "తమ్మీ, మూడు సార్లు పేజీ రానే రాలేదు గదా. రానిదానికి పైసలెందుకు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ చరిత్ర మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. డయల్-అప్‌లో డబ్బు నిమిషానికి కట్టేవాళ్ళం, వచ్చిన సరుకుకు కాదు. ఒక 300 కేబీ పేజీ తీసుకోండి. 44 కేబీపీఎస్ ఉన్నవాడికి నిమిషం లోపు వస్తుంది. 14.4 ఉన్నవాడికి దాదాపు మూడు నిమిషాలు. పేజీ అదే, బిల్లు మూడింతలు. అంటే లైన్ ఎంత పాడైతే నెట్ అంత ఖరీదు. పట్నానికి ఎంత దూరముంటే అంత నెమ్మది, ఎంత నెమ్మదైతే అంత ఖర్చు. ఎవరూ చట్టం చేయలేదు గానీ, ఊరి చివర ఉన్నవాళ్ళ మీద అది ఒక పన్నే.

ఫిర్యాదు చేస్తే ఏమయ్యేది? లైన్‌మన్ అన్న వచ్చి, ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకునేవాడు.

"డైల్ టోన్ మంచిగనే వస్తుంది గదనే. లైన్‌ల ఏం లేదు, మీ మిషన్‌లనే ఉన్నట్టుంది."

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే: "మా సర్వర్ బాగానే ఉందండీ, మీ లైన్ ప్రాబ్లం."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. లైన్‌మన్ అన్న చెవితో చూశాడు. చెవికి ఆ లైన్ బాగానే ఉంది. మనిషి చెవి చాలా ఉదారమైనది. మధ్యలో గరగర ఉన్నా, ఒక అక్షరం మింగేసినా, మాటను మనసులోనే అతికించుకుంటుంది. మోడెమ్‌కు ఆ ఔదార్యం లేదు. ఒక్క చిటపట చాలు, ఒక ముక్క పోయిందని మళ్ళీ అడుగుతుంది. ఎక్కువైతే స్పీడు తగ్గించుకుంటుంది, ఇంకా ఎక్కువైతే కాల్ తెంపేస్తుంది.

మరి పాడు ఎక్కడుండేది? కొన్ని కారణాలు చెప్తాను.

ఒకటి, దూరం. ఎక్స్‌చేంజ్ నుంచి రాగి తీగ పొడుగయ్యే కొద్దీ పై స్వరాలు బలహీనపడతాయి. మాటకు ఇబ్బంది లేదు, మోడెమ్‌కు ఇబ్బంది. రెండు, అతుకులు. తీగ తెగిన చోట మెలేసి టేపు చుడతారు. వానొస్తే అందులోకి తేమ పోతుంది, కరకర మొదలు. మూడు, పెయిర్ గెయిన్. కొత్త కనెక్షన్ అడిగేవాళ్ళు ఎక్కువ, తీగలు తక్కువ. అప్పుడు ఒకే జత తీగ మీద చిన్న పెట్టె పెట్టి ఇద్దరికి లైన్ ఇచ్చేవాళ్ళు. ఫోన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇంటికి అది పండుగే. కానీ ఆ పెట్టెలో గొంతు ఇంకోసారి అంకెలుగా మారి, మళ్ళీ శబ్దంగా మారుతుంది. 1998లో వచ్చిన వి.90 ప్రమాణం, అంటే 56 కేబీపీఎస్ మోడెమ్, ఒక షరతు మీద పనిచేస్తుంది. నెట్ కంపెనీ నుంచి మీ ఇంటి దాకా దారిలో అంకెల నుంచి శబ్దానికి మార్పు ఒక్కసారే జరగాలి. రెండోసారి జరిగితే 56 మాట మర్చిపోవాల్సిందే. 33.6 కన్నా కిందికి, చాలాసార్లు 26 దగ్గరికి పడిపోతుంది. మా తెర మీద 26,400 ఎందుకు వచ్చేదో అనుమానించడానికి ఇది పెద్ద కారణం.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ దేశంలో చిన్న ఊళ్ళకు డైల్ టోన్ తెచ్చింది మన సొంత పనితనం. 1984 ఆగస్టులో శాం పిట్రోడా ఆలోచనతో సీ-డాట్ అనే సంస్థ పుట్టింది. వాళ్ళు చేసిన పల్లె ఎక్స్‌చేంజ్ 128 పోర్టులది. ఏసీ గది అక్కర్లేదు, దుమ్మూ ఎండా తట్టుకుంటుంది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. అలాంటివి రాకపోతే మాలాంటి ఊళ్ళకు ఎస్టీడీ బూతే లేదు, నెట్ మాట తర్వాత.

కానీ ఆ ఎక్స్‌చేంజ్ కూడా మాటల కోసమే లెక్క వేసింది. మనుషులు రెండు మూడు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తారు, అందరూ ఒకేసారి మాట్లాడరు అన్నది ఆ లెక్క. అందుకే వంద కనెక్షన్లున్నా బయటి ఊళ్ళకు పోయే దారులు కొన్నే. నెట్ కాల్ మూడు నిమిషాల్లో అయిపోదు. గంట ఉంటుంది. అలాంటి కాల్స్ నాలుగైతే ఆ దారులు మూసుకుపోతాయి. అప్పుడు వలస పోయిన కొడుకుకు ఫోన్ చేయాలని బూత్ ముందు నిలబడ్డ తల్లికి "ఈ మార్గంలోని అన్ని లైన్లూ బిజీ" అని వినిపిస్తుంది. ఒకరి నెట్ ఇంకొకరి మాటను ఆపేసేది.

మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఈ చిక్కును ముందే పట్టుకుంది. వాళ్ళు చేసిన కార్‌డెక్ట్ అనే వైర్‌లెస్ ఫోన్‌కు కంప్యూటర్ తగిలించే చోటు వేరేగా ఉండేది. మాటను మాటగా పంపేది, డేటాను శబ్దంగా మార్చకుండా డేటాగానే పంపేది, అదీ ఎక్స్‌చేంజ్‌ను ముట్టుకోకుండా పక్క దారిలో. మాట్లాడుతూ ఉంటే 35 కేబీపీఎస్, మాట లేకపోతే 70. ఇవాళ చిన్న అంకెలే. కానీ ఆలోచన పెద్దది. డేటాను మనిషి వేషం వేయించి పంపడం మానేయండి, దాని దారి దానికి ఇవ్వండి అన్నమాట.

ఆ దారి దొరకని మేమేం చేశాం? మా బూత్‌లో ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఎవరి దగ్గరా చదువుకోలేదు, పని నేర్పింది. ఆ పద్ధతి ఇవాళ మీ వైఫైకి కూడా పనికొస్తుంది కాబట్టి వరుసగా చెప్తాను.

మొదట చెవితో వినాలి. ఫోన్ ఎత్తి ఒక అంకె నొక్కితే డైల్ టోన్ ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఏం వినిపిస్తుందో చూడాలి. గుయ్యిమంటే దగ్గర్లో కరెంటు తీగ. కరకరమంటే తడిసిన అతుకు. వేరేవాళ్ళ మాటలు వినిపిస్తే తీగల మధ్య తగులుబాటు.

తర్వాత ఇంట్లో ఉన్న ప్యారలల్ ఫోన్లన్నీ, కాలర్ ఐడీ డబ్బాలతో సహా పీకేయాలి. తీగ ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టె దగ్గరే మోడెమ్ తగిలించి చూడాలి. అక్కడ స్పీడు పెరిగితే తప్పు మన ఇంట్లో. పెరగకపోతే బయట. ఈ ఒక్క పరీక్షతో సగం గొడవ తేలిపోయేది. లైన్‌మన్ అన్నకు కూడా చూపించొచ్చు: "అన్నా, ఇగో, మా వైరింగ్ లేకుండానే గింతే వస్తుంది."

కాల్ వెయిటింగ్ ఉంటే తీసేయాలి. ఆ చిన్న బీప్ మనకు పలకరింపు, మోడెమ్‌కు పిడుగు.

ఆ తర్వాత వేరే కంపెనీ నంబర్‌కు డయల్ చేసి చూడాలి. అక్కడ బాగుంటే తప్పు మన లైన్‌ది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, రోజూ స్పీడు, టైము, వాతావరణం రాసిపెట్టడం. నెల రోజులు రాస్తే పుస్తకమే మాట్లాడుతుంది. ఎప్పుడూ 26 దగ్గరే ఆగితే అది లైన్ కట్టిన తీరులో ఉంది, పెయిర్ గెయినో, దూరమో. వాన పడ్డప్పుడే పడిపోతే అతుకులో ఉంది. కనెక్షన్ స్పీడు బాగానే చూపించి, సాయంత్రం మాత్రం పేజీలు కదలకపోతే నెట్ కంపెనీ దగ్గర రద్దీ.

చివరగా, ఆశ తగ్గించుకోవడం. మోడెమ్‌కు ఒక ఆదేశం ఇచ్చి గరిష్ఠ స్పీడును 28.8 కో, 24 కో కట్టేసేవాళ్ళం. ఎక్కువ అందుకోబోయి మాటిమాటికీ జారిపడే బదులు, తక్కువ స్పీడులో నిలకడగా పోతే పేజీ ముందే వచ్చేది. ఫోటోలు రాకుండా బ్రౌజర్‌లో ఆపేసేవాళ్ళం. మెయిల్ అంతా ముందే టైపు చేసి, అప్పుడు కనెక్ట్ చేసి, పంపగానే కట్ చేసేవాళ్ళం. తెలుగు పేపర్ చదవాలంటే ముందు దాని ఫాంట్ దించుకోవాలి, అది ఇంకో యజ్ఞం. మీరు ఇప్పుడు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కదా, ఆ అలవాటుకు వయసు ఎక్కువే. అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులు 1990ల్లోనే యూజ్‌నెట్ గుంపుల్లో అలా రాసుకున్నారు. ఉత్త అక్షరాలు కాబట్టి ఎంత నెమ్మది లైన్ మీదైనా పోయేవి.

2004 అక్టోబర్‌లో బ్రాడ్‌బ్యాండ్ విధానం వచ్చింది. కనీసం 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలి అన్నారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. ఇక్కడ గమనించండి. అదే రాగి తీగ. కానీ ఈసారి డేటా మనిషి గొంతు వేషం వేయలేదు. మాట కింద స్వరాల్లో, డేటా చాలా పై స్వరాల్లో, రెండూ ఒకేసారి. ఫోన్ ఎంగేజ్ కాదు, మీటర్ నిమిషాలు లెక్కపెట్టదు. అయితే ఆ పై స్వరాలు దూరం పోలేవు. ఎక్స్‌చేంజ్ నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే చప్పబడతాయి. బజార్లో ఉన్నవాళ్ళకు బ్రాడ్‌బ్యాండ్, తండాలో ఉన్నవాళ్ళకు మళ్ళీ ఎదురుచూపు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కొత్త లైన్ మీద మోడెమ్ ఎందుకు ఓడిపోతుంది?

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో రెండు పాత మోడెమ్‌లు కొన్నాడు. రెండు ఇళ్ళలో, ఫైబర్‌తో పాటు వచ్చిన ల్యాండ్‌లైన్లకు తగిలించి, ఒకదాని నుంచి ఇంకోదానికి డయల్ చేశాడు. ఫోన్‌లో మాట అద్దంలా ఉంది. మోడెమ్‌లు మాత్రం గంట సేపు అరుచుకుని విడిపోయాయి. "అన్నా, లైన్ ఇంత క్లియర్ ఉంది, ఎందుకు కలుస్తలేవు?" అని నాకు ఫోన్ చేశాడు.

కారణం చూడండి. ఈ లైన్‌లో గొంతు చిన్న చిన్న ప్యాకెట్లుగా పోతుంది, సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు. ఒక ముక్క రాకపోతే, ముందు ముక్కను చూసి ఇలాగే ఉండొచ్చని యంత్రం అతికేస్తుంది. చెవికి తెలియదు. మోడెమ్‌కు అది కల్పించిన అక్షరం. మనం మాట్లాడనప్పుడు నిశ్శబ్దాన్ని పంపకుండా ఆపేస్తుంది. ఎకో తీసేసే యంత్రం మోడెమ్ శబ్దాన్నే ఎకో అనుకుని కోసేస్తుంది. పైగా కొన్ని చోట్ల గొంతును 64 కేబీపీఎస్ నుంచి 8 కేబీపీఎస్‌కు కుదిస్తారు. 8 పట్టే సంచిలో 33 ఎలా పడుతుంది? మీ మొబైల్ కాల్ కూడా అంతే. 4జీలో వచ్చే హెచ్‌డీ వాయిస్ పాత ల్యాండ్‌లైన్ కన్నా ఎంతో స్పష్టంగా వినిపిస్తుంది, కానీ అది 24 కేబీపీఎస్‌కు లోపే సర్దుకుంటుంది. మనిషి గొంతులో ఏది అవసరమో దానికి తెలుసు కాబట్టి మిగతాది పారేస్తుంది. మోడెమ్‌కు కావలసింది సరిగ్గా ఆ పారేసిన భాగమే.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇది. ఫోన్ పెట్టె సెట్టింగుల్లో కుదింపు లేని జి.711 కోడెక్ ఎంచుకో. ఎకో క్యాన్సిలేషన్, సైలెన్స్ సప్రెషన్ ఆపేయ్. జిట్టర్ బఫర్ తనంతట తాను మారకుండా ఒకే చోట కట్టేయ్. మోడెమ్ స్పీడును 14.4 కు, కుదరకపోతే 9.6 కు దించు. మూడో రోజు 9.6 దగ్గర కలిసి, నిలబడింది. ఫైబర్ మీద 1995 నాటి స్పీడు! వాడు నవ్వాడు గానీ, ఇది నవ్వులాటే కాదు. పాత ల్యాండ్‌లైన్‌కు తగిలించిన ఫ్యాక్స్, కార్డు గీకే మిషన్, అలారం పెట్టె, అన్నీ ఇలాంటి మోడెమ్ భాషే మాట్లాడతాయి. రాగి తీసి ఫైబర్ వేసిన రోజున అవి చెప్పకుండా మూగబోతాయి. అమెరికాలో ఏఓఎల్ తన డయల్-అప్‌ను 2025 సెప్టెంబర్ 30న ఆపేసింది. అప్పటిదాకా అది నడిచిందంటేనే ఆ తీగ మీద ఇంకా ఎవరో ఉన్నారని అర్థం.

ఇక మన ఇవాళ్టి సంగతి. ప్రతి గ్రామ పంచాయతీకి ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది, దాన్నే ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నాం. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. అంటే దారి మారింది. కానీ ఒక పాత మాట మాత్రం మారలేదు. మీ ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఎవరికైనా చెప్తే "సిగ్నల్ ఫుల్ ఉంది కదా" అంటారు. ఆ గీతలు మీకూ టవర్‌కూ మధ్య రేడియో సంగతే చెప్తాయి. టవర్ వెనక దారి ఎంత వెడల్పు, దాని మీద ఎంతమంది ఉన్నారు అన్నది చెప్పవు. అప్పట్లో డైల్ టోన్ ఎంత నిజం చెప్పిందో ఇప్పుడు గీతలు అంతే నిజం చెప్తున్నాయి.

నిమిషాల బిల్లు పోయింది కాబట్టి ఆ పన్ను కూడా పోయిందనుకోకండి. రూపం మార్చుకుంది. ఓటీపీ టైము అయిపోతుంది. ఫారం చివరి పేజీలో సెషన్ ఎక్స్‌పైర్ అంటుంది. వెబ్ ఆప్షన్లు పెట్టే చివరి రోజు సైట్ కదలదు. వేగం ఉన్నవాడికి ఒక ప్రయత్నం, లేనివాడికి నాలుగు. ఆ పెద్దాయన మీటర్ మీద పడిన నాలుగు కాల్స్ లాంటివే ఇవి కూడా. సైట్ కట్టినవాళ్ళు హైదరాబాద్‌లో మంచి లైన్ మీద కూర్చుని గడువు పెడితే, కంగ్టి దగ్గర తండాలో ఉన్న అమ్మాయికి అది గడువు కాదు, గోడ.

అందుకే ఆ నోటు పుస్తకం పద్ధతి మీకు చెప్పాను. నెట్ స్లో అయితే "నా ఫోన్ పాతది" అని మీ మీదే వేసుకోకండి. ఇంట్లోంచి బయటికి ఒక్కో మెట్టు చూడండి. వైఫైలోనా, ఫోన్‌లోనా? వేరే సిమ్‌లో ఎలా ఉంది? పొద్దున ఎంత, రాత్రి 9 గంటలకు ఎంత? అన్ని సైట్లూ అంతేనా, ఒక్కటేనా? వారం రోజులు టైముతో సహా రాయండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఫిర్యాదు చేసేటప్పుడు "స్లోగా ఉంది సార్" అంటే ఎవరూ వినరు. "ఏడు రోజులు, రాత్రి 8 నుంచి 11, రెండు ఫోన్లలో చూశాం, ఇంతే వచ్చింది" అంటే కాదనడం కష్టం. మా బూత్‌కు చివరికి వేరే జత తీగ వేశారు. అరుస్తే వేయలేదు, నెల రోజుల లెక్క చూపిస్తే వేశారు. ఆ రోజు తెర మీద 41,333 అని వచ్చింది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ రాగి తీగలు ఇప్పుడు ఎటు పోతున్నాయో చూద్దాం. ఉంటాను, నమస్తే.